నాలుక కత్తికి జానెడు దూరం

పింగళాచారి కొలిమి ధూమ్రగిరి కొమ్మున ఉన్న నల్లరాతి గుహలో ఉంది. గుహ కప్పు నిండా రాగి గొలుసులకు కత్తులు, కఠారులు, చంద్రవంకలు, గండ్రగొడ్డళ్లు వేలాడుతున్నాయి. కొలిమి మంట ఎగసినప్పుడల్లా అవన్నీ ఎర్రబారుతున్నాయి. మంట తగ్గితే నీలంగా మారి, గాలికి ఒకదానికొకటి తగిలి సన్నగా మోగుతున్నాయి. తిత్తి తొక్కుతున్నది రెండు తలల మేక. ఒక తల తీరిగ్గా నెమరు వేస్తుంటే, రెండోది గుహలోకి వచ్చిన శరభాంకుణ్ణి ఎగాదిగా చూస్తోంది.

శరభాంకుడు సింధుగిరి యువరాజు. "నీ కళ్లు నా సింహాసనం మీదే ఉన్నాయి" అని తండ్రి మహీధరవర్మ నిండుకొలువులో అన్ననాడే కోట వదిలి వచ్చేశాడు. మాట పడ్డ కొడుకే అయినా తండ్రి ప్రాణం మీదికి వస్తే ఊరుకోలేడు కదా. ఆ తండ్రి మర్నాడు పాత పగవాడైన వజ్రకూట రాజు భీమకేతుడితో సంధి చేసుకోబోతున్నాడు. సంధి సభలోనే ఆయన్ను చంపడానికి ఎవరో పింగళాచారి చేత మాయకత్తి చేయించుకున్నారని కబురు తెచ్చినవాడు మాకందుడు. మాకందుడు మంత్రి కొడుకు. యువరాజుకు చిన్ననాటి చెలికాడు. "ఆ కత్తి ఎలాంటిదో చూడకుండా ఎలా ఆపుతారు యువరాజా? అలాంటిది మీ దగ్గరా ఒకటి ఉండాలి" అని ఇక్కడికి తీసుకొచ్చింది కూడా అతనే. కొనేవాడు తప్ప రెండో మనిషి గుహలో అడుగు పెట్టకూడదని పింగళాచారి నియమం. అందుకని మాకందుడు కొండ దిగువన గుర్రాల దగ్గర ఆగిపోయాడు.

"మాయకత్తి కావాలి" అన్నాడు శరభాంకుడు.

"మాయా లేదు, మంత్రమూ లేదు నాయనా. జనం అలా చెప్పుకుంటే బేరాలు బాగుంటాయని నేనే ఊరుకుంటాను" అంటూ ముసలివాడు దంతపు పిడి ఒకటి తీసి చేతిలో పెట్టాడు. వట్టి పిడి. దానికి అలుగు లేదు, ఒర లేదు. పక్కన బొటనవేలికి అందేలా చిన్న మీట ఉంది. "దాన్ని ముందుకు తోసి చూడు."

శరభాంకుడు తోశాడు. టక్‌మని పిడి నోట్లోంచి జానెడు ఉక్కు అలుగు తిన్నగా బయటికి వచ్చి బిగుసుకుంది. మీట వెనక్కి లాగితే మళ్లీ టక్. అలుగు లోపలికి పోయింది. యువరాజు ముఖం వెలిగిపోయింది. తండ్రిని చంపడానికి చేసిన ఆయుధం ఇలాంటిదేనన్న సంగతి కూడా కాసేపు మరిచిపోయి దాన్ని టక్ టక్‌మని ఆడిస్తూ నిలబడ్డాడు.

"అందరూ ఇంతే" అన్నాడు పింగళాచారి. "సగం మంది దీన్ని కొనేది ఆ చప్పుడు కోసమే. దీన్ని నాలుక కత్తి అంటాను నేను. లోపల ఉన్నది ఉక్కుతీగ చుట్ట, అంతే. కాని దీని సుఖం చెబుతా విను. కళ్లెం ఒక చేత్తో పట్టుకున్న రౌతు రెండో చేత్తో కత్తీ పట్టి ఒరా లాగలేడు. పడవవాడు చుక్కాని వదలకుండా తాడు కోసుకోవాలి. అలాంటివాళ్లకిది ప్రాణం. మడత కత్తిలా వేళ్ల మీద పడదు. అలుగు వచ్చిన దారినే పోతుంది."

"లోపాలు లేవా?"

"నేను చేసిన వస్తువు కాబట్టి నేనే చెప్పాలి. అలుగు కాస్త ఆడుతుంది. నరకడానికి పనికిరాదు. ఇసుక పోతే మూగబోతుంది. ఇక అన్నిటికంటే ముఖ్యమైన సంగతి..."

"ఇలాంటిది ఇంకొకటి ఎవరు కొన్నారు?" అని మధ్యలోనే అడ్డుపడ్డాడు శరభాంకుడు.

ముసలివాడు చిన్నబుచ్చుకున్నాడు. "ముసుగు మనిషి. గొంతు విప్పలేదు, అన్నీ సైగలే. ఒకటి మాత్రం చెప్పాలి, మహా ఓపికమంతుడు. నేను చెప్పిందంతా మొదలు నుంచి చివరిదాకా కూర్చుని విన్నాడు."

మన యువరాజుకు అంత ఓపిక ఎక్కడిది? భుజకీర్తి విప్పి కత్తి వెలగా దాగలి మీద పెట్టి, కత్తి నడుముకు దోపుకుని పరుగు తీశాడు. "ఆగు నాయనా, ముఖ్యమైన సంగతి చెప్పనే లేదు" అని పింగళాచారి వెనక నుంచి కేక పెట్టేసరికి యువరాజు సగం కొండ దిగిపోయాడు.

సంధి జరిగే వజ్రకూటానికి రాచబాట చుట్టుదారి. అడ్డదారి భల్లూక బిలం గుండా పోతుంది. గుర్రాలను బయటే వదిలేసి మిత్రులిద్దరూ కాగడాతో బిలంలోకి దిగారు. గోడల నిండా అభ్రకం. కాగడా కదిలినప్పుడల్లా వేల కళ్లు తెరుచుకుని మూసుకున్నట్టు మిలమిలలాడుతోంది. ఆ మెరుపుల్లో నిజమైన కళ్లు రెండు ఉన్నాయని శరభాంకుడు ఆలస్యంగా గమనించాడు. అప్పటికే శిలాభల్లూకం లేచి నిలబడింది. దాని బొచ్చు నాచు పట్టిన రాయిలా గట్టిగా ఉంది. చేతులు చాచి యువరాజును ఒక్క లాగున గుండెకు హత్తుకుంది.

ఊపిరి ఆడటం లేదు. పక్కటెముకలు కటకటమంటున్నాయి. శరభాంకుడు ఎలాగో నాలుక కత్తి అందుకుని, పిడి మూతిని ఎలుగు రొమ్ముకు ఆనించి మీట తోశాడు. టక్‌మనలేదు. గొంతులో ముద్ద అడ్డం పడినట్టు లోపల గిరుక్కుమంది. అలుగు గోరంత బయటికి వచ్చి ఆ తోలుకు తగిలి ఆగిపోయింది. మీట అటూ ఇటూ వదులుగా ఆడుతోంది గాని అలుగు రాదు, పోదు. ఇక నా పని అయిపోయిందనుకున్నాడు యువరాజు.

మాకందుడు కాగడా తీసుకుపోయి ఎలుగు ముక్కుకు అంటించాడు. అది పెడబొబ్బ పెట్టి, యువరాజును విసిరేసి చీకట్లోకి పారిపోయింది. ఇద్దరూ దేక్కుంటూ, పడుతూ లేస్తూ బిలం అవతల వెలుగులో పడ్డారు.

"కొన్న పూటే చచ్చింది" అని శరభాంకుడు కత్తిని గడ్డి మీద పడేశాడు.

మాకందుడు నవ్వి దాన్ని తీసుకున్నాడు. బయటికి వచ్చిన అలుగు మొనను రెండు వేళ్లతో నొక్కిపట్టి ముందుకు లాగాడు. టక్‌మని అలుగు పూర్తిగా వచ్చి బిగుసుకుంది. మీట వెనక్కి లాగితే టక్‌మని లోపలికి పోయింది.

"అడ్డం ఆనించి నొక్కితే ఇంతే యువరాజా. ఆ తీగచుట్టకు అలుగును బయటికి తోసే బలమే గాని పొడిచే బలం ఉండదు. ముందు జానెడు ఖాళీ ఉండాలి. అలుగు వచ్చి బిగుసుకున్నాక పొడవాల్సింది మన చెయ్యే."

ప్రాణం నిలబెట్టినవాడి మాటకు ఎవరైనా ఎదురు ప్రశ్న వేస్తారా? శరభాంకుడు అతణ్ణి గట్టిగా వాటేసుకుని ముందుకు నడిచాడు.

వజ్రకూట సింహద్వారం పక్క గోడంతా ఒరలే. వెండి పొన్నులవి, మొసలి తోలువి, ముఖమల్ తొడుగులవి, చివరికి కసాయివాళ్ల గోనెగుడ్డ ఒరలు కూడా వరసగా వేలాడుతున్నాయి. ఊళ్లోకి వెళ్లేవాళ్లు ఆయుధాన్ని ఒరతో సహా అక్కడ తగిలించి వెళ్లాలి. భటులు ప్రతివాడి నడుమూ తడిమి చూస్తారు. ఒర తగిలితే ఆయుధం ఉన్నట్టు, తగలకపోతే లేనట్టు. తాతల నాటి నుంచి ఆ చేతులు వెతికేది ఒరనే.

నౌకరు వేషం వేసిన మాకందుడు వెంట రాగా, శరభాంకుడు పునుగు, జవ్వాది అమ్మే వర్తకుడి వేషంలో ఉన్నాడు. నెరిసిన గడ్డం అతికించుకున్నాడు. భటుడు అతని నడుములోంచి దంతపు పిడిని లాగాడు.

"ఏందయ్యా ఇది?"

"జవ్వాది గొట్టం బాబూ. మహారాజుగారి సభకు పట్టుకుపోతున్నా."

భటుడు వాసన చూశాడు. పిడికి జవ్వాది దట్టంగా పూసి ఉంది. ఆ ఆలోచన మాకందుడిదే. భటుడు దాన్ని ఇంకోసారి ఆనందంగా వాసన చూసి తిరిగి ఇచ్చేశాడు. ఇంత సులువుగా తాను లోపలికి పోగలిగితే, ఆ ముసుగు మనిషి కూడా పోయే ఉంటాడు. ఆ తలపు రాగానే యువరాజు చుట్టూ ఉన్నవాళ్ల నడుముల వైపు చూశాడు. అప్పటి నుంచి అతని కంటికి ప్రతి నడుమూ అనుమానంగానే కనిపించింది.

"నేను వేషం తీసేసి మహారాజుగారి పరివారంలో కలుస్తాను" అన్నాడు మాకందుడు. "మా నాయనగారు సేనతో ఊరి బయట దిగారు. ఆయనతో చెప్పించి సభలో శాలువా పట్టే పని సంపాదిస్తాను. అప్పుడు మహారాజు పక్కనే ఉండొచ్చు. మీరు మాత్రం భీమకేతుడి మీద నుంచి చూపు తిప్పకండి. చంపేవాడు అతను కాక ఇంకెవడు?"

సంధి మంటపం చూడటానికి రెండు కళ్లూ చాలవు. స్ఫటిక స్తంభాలకు మొగలిరేకుల తోరణాలు కట్టారు. నేలంతా పగడపు పొడితో వేసిన ముగ్గులు. పైనుంచి బంగారు పంజరాల్లో గోరువంకలు రెండు రాజ్యాల బిరుదులనూ వంతులేసుకుని పలుకుతున్నాయి. ఆ రాజ్యాల్లో సంధి అంటే గుండె సంధి. రాజులిద్దరూ కవచాలు, నగలు తీసేసి పట్టుబట్టలతో వస్తారు. శంఖం మోగుతున్నంతసేపూ గుండెకు గుండె ఆనించి కౌగిలించుకుంటారు. శంఖం ఆగాక విడిపోతారు. అప్పుడు ఎవరి మనిషి వారి ప్రభువుకు ఎదురుగా నిలబడి శాలువా కప్పుతాడు. దాంతో పగ తీరినట్టే.

శరభాంకుడు పన్నీటి బుడ్డి పట్టుకుని సేవకుల్లో కలిసిపోయాడు. ఎవరిని చూసినా అనుమానమే. ద్వారం కాసే దౌవారికుడి చేతిలోని బెత్తం బోలుగా ఉన్నట్టుంది. శంఖం ఊదేవాడి చేతి తొడుగు అవసరానికి మించి పొడుగ్గా ఉంది. అందరికంటే పెద్ద అనుమానం భీమకేతుడి మీద. ఆ బిలంలోని ఎలుగుకు పట్టుబట్టలు కడితే అచ్చం ఇలాగే ఉంటుంది. కుడిచెయ్యి ఉత్తరీయం కింద దాచుకున్నాడు. ఆ ఉత్తరీయం కింద నుంచి చప్పుడు వస్తోంది. టక్. కాస్త ఆగి మళ్లీ టక్.

యువరాజు పన్నీరు చల్లుతూ జనాన్ని తోసుకుంటూ భీమకేతుడి వెనక్కి చేరాడు. నడుములోని పిడి మీద చెయ్యి వేశాడు. ఎదుటి ద్వారంలోంచి మహీధరవర్మ వస్తున్నాడు. తాను వెళ్లిపోయాక నాన్నగారు ఇంతలా చిక్కిపోయారా అనుకున్నాడు కొడుకు.

టక్. భీమకేతుడు ఉత్తరీయం తీశాడు. చేతిలో ఉన్నది వెండి అడకత్తెర. కత్తిరించిన వక్కలు నోట్లో వేసుకుని, అడకత్తెర పళ్లెంలో పడేసి, చేతులు చాచి ఎదురు వెళ్లాడు. శంఖం మోగింది. రాజులిద్దరూ గుండెకు గుండె ఆనించారు.

ఆ కౌగిలి చూడగానే శరభాంకుడికి బిలంలోని ఎలుగు గుర్తొచ్చింది. కౌగిలిలో ఖాళీ ఉండదు. ఖాళీ లేనిచోట నాలుక కత్తి పనిచెయ్యదు. కౌగిలించుకునేవాడు చంపేవాడు కాడు. మరి తండ్రికి ఎదురుగా జానెడు దూరంలో నిలబడేది ఎవరు?

శాలువా కప్పేవాడు.

అసలు ఆ జానెడు సంగతి తనకు చెప్పింది ఎవరు? పింగళాచారి చెప్పబోతుంటే తాను వినకుండా వచ్చేశాడు. మొత్తం విన్నవాడు ఒక్కడే, ఆ ఓపికమంతుడు. గుహలో అడుగు పెట్టని మాకందుడికి అలుగును లాగి బాగుచెయ్యడం ఎలా తెలిసింది? అలాంటి కత్తే తన నడుముకు కట్టించి ఇక్కడికి తీసుకొచ్చింది ఎవరు? తండ్రి చస్తే, అలాంటి కత్తితో మారువేషంలో పట్టుబడేది కొడుకు. సింహాసనం మంత్రి ఇంటికి పోతుంది.

శంఖం ఆగింది. మాకందుడు శాలువా రెండు చేతుల మీద పరిచి, వినయంగా తల వంచి మహారాజుకు ఎదురుగా వచ్చాడు. శాలువా కింద అతని కుడిచెయ్యి కనిపించడం లేదు.

శరభాంకుడు పన్నీటి బుడ్డి విసిరేశాడు. పళ్లేల మీంచి దూకాడు, అడ్డొచ్చిన దౌవారికుణ్ణి తోసేశాడు, తండ్రిని భుజంతో పక్కకు నెట్టి మాకందుణ్ణి ఊపిరాడకుండా వాటేసుకున్నాడు. ఇద్దరి మధ్యా శాలువా నలిగింది. కడుపు దగ్గర గిరుక్కుమంది. పట్టుకున్నది పట్టుకున్నట్టే ఇద్దరూ నేల మీద దొర్లారు.

భటులు వచ్చి విడదీశారు. అతికించుకున్న గడ్డం ఊడి యువరాజు ముఖం బయటపడింది. నేల మీద రెండు దంతపు పిడులు పడి ఉన్నాయి. ఒకటి మూసుకుని ఉంది. రెండోదాని నోట్లో గోరంత అలుగు ఇరుక్కుని ఉంది.

"రెండు కత్తులతో వచ్చాడు మహారాజా. మీమీదికి దూకుతుంటే నేను అడ్డంపడ్డాను" అన్నాడు మాకందుడు రొప్పుతూ. కళ్లల్లో నీళ్లు కూడా తెచ్చుకున్నాడు. "చిన్నప్పటి నుంచీ కలిసి పెరిగినవాణ్ణి. నా నోటితో ఈ మాట చెప్పాల్సి వచ్చింది."

"అబద్ధం. వాడే మిమ్మల్ని చంపడానికి వచ్చాడు నాన్నగారూ" అన్నాడు శరభాంకుడు. అప్పటికే అతని మెడ మీద ఈటెలు రెండు అడ్డంగా ఆనాయి.

మహీధరవర్మ కొడుకు ముఖం వైపు చూడలేదు. "ఒకసారి అన్నాను. నోరు జారానని ఇన్నాళ్లూ కుమిలిపోయాను. నిజమే అన్నానన్నమాట" అన్నాడు. ఆ మాట ఈటెల కంటే ఎక్కువ గుచ్చుకుంది.

మహారాజు వంగి ఇరుక్కున్న కత్తిని తీసుకున్నాడు. మీట తోశాడు, లాగాడు. అది వదులుగా ఆడింది. "ఇదేం ఆయుధం? చెడిపోయినట్టుంది."

"ఇటు ఇవ్వండి మహారాజా" అని మాకందుడు చెయ్యి చాచాడు. ఇన్నాళ్లు మచ్చికైన వస్తువు మరి, చేతులు ఊరుకోలేదు. మొనను రెండు వేళ్లతో పట్టి లాగాడు. టక్. మీట వెనక్కి లాగాడు. టక్. అలుగు లోపలికి పోయింది. భటులెవరూ కదల్లేదు. అలుగు లేని పిడిని చూసి ఎవరు భయపడతారు? "జాగ్రత్తగా ఉండాలి ప్రభూ. ఇవి మాయకత్తులు. ఒక్కోసారి చెయ్యి తగలకుండానే తెరుచుకుంటాయట. చూపిస్తాను, చూడండి" అంటూ పిడి మూతిని మహారాజు కడుపు వైపు తిప్పి పట్టుకున్నాడు.

చూపిస్తుంటే చెయ్యి జారిందంటే చాలు. కత్తులు తెచ్చింది యువరాజేనని సభంతా నమ్మింది. శరభాంకుడికి అంతా అర్థమైంది. పిడికీ తండ్రికీ మధ్య దూరం చూశాడు. సరిగ్గా జానెడు ఉంది.

దూకడానికి వీల్లేదు. చంపుతాడని అరిస్తే తండ్రి నమ్మడు, ఇందాక అరిచాడు కదా. ఇక మిగిలింది ఒక్కటే మాట.

"నాన్నగారూ, మాకందుణ్ణి కౌగిలించుకోండి."

సభ విస్తుపోయింది. ఎవరో కిసుక్కున నవ్వారు. భీమకేతుడు వక్క నమలడం ఆపేశాడు. మాకందుడి ముఖంలో నెత్తురు చుక్క లేదు.

మహీధరవర్మ మొదటిసారి కొడుకు వైపు తిరిగాడు. సింహాసనం కోసం వచ్చినవాడు ఎవడైనా ఇలాంటి కోరిక కోరతాడా? అనుమానం ఆయనకు పుట్టుకతో వచ్చిన గుణం. ఇన్నాళ్లూ కొడుకు మీదే కాపలా కాసిన ఆ గుణం ఇప్పుడు మాకందుడి చేతి వేళ్ల మీదికి తిరిగింది. ఈ కత్తులు రెండూ యువరాజువేనని అన్నాడు కదా, మరి తన చేతిలో చెడిపోయిన కత్తి వీడి చేతిలో రెప్పపాటులో ఎలా బాగుపడింది?

మాకందుడి బొటనవేలు మీట మీదికి జరిగింది.

ముసలి రాజు చేతులు చాచి ఒక్క అంగలో ముందుకు వచ్చాడు. ఎలుగు పట్టులా మాకందుణ్ణి గుండెకు హత్తుకున్నాడు. మంటపంలో గోరువంకలు కూడా నోరు మూసుకున్నాయి. ఇద్దరి పట్టుబట్టల మధ్య ఎక్కడో గిరుక్కుమని సన్నని చప్పుడు వచ్చింది. దాని తర్వాత రావలసిన టక్ రాలేదు.

దూరంగా సింహద్వారం వైపు నుంచి, కొడుకు పని ముగించి ఉంటాడనుకున్న మంత్రి సేన భేరీలు మోగాయి. ఒరలు వేలాడే గోడ దగ్గర కేకలు, పరుగులు మొదలయ్యాయి. మహీధరవర్మ పట్టు సడలించలేదు. మాకందుడి భుజం మీంచి, ఈటెల మధ్య నిలబడ్డ కొడుకు కళ్లల్లోకి చూశాడు.

"శరభా, ఎంతసేపు పట్టుకోమంటావు నాయనా?" అని అడిగాడు.